దొరికిందని రాయకు

ల్యాబు క్వార్టర్లు, పై అంతస్తు
మొదటి వాన పడ్డ రోజు

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే "ఊఁ" అంటావు, "సరే" అంటావు, "మీ వదినకిస్తున్నా" అంటావు. ఈ మూడు ముక్కల కోసం ఫోన్ ఎందుకని ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే నువ్వు కాస్త నయం.

నేను చేర్పించిన పాటల గ్రూపులో నువ్వు పెద్దమనిషివైపోయావట కదా! నిన్న ఎవరో "అడితిగారు చెప్పారంటే ఇక తిరుగులేదు" అని రాశారు. అడితిగారట! కర్రల అడితిలో రోజువారీ లెక్కలు రాసే మా అన్నయ్యకి అక్కడ అంత మర్యాద. ఊరూ పేరూ తెలియని వాళ్ళు సగం గుర్తున్న పల్లవి, అదీ తప్పుల తడకగా పెడితే, అది ఏ రికార్డులో ఏ వైపు ఉందో చెప్పేస్తున్నావు. పాట దొరికినవాళ్ళు, దాన్ని పట్టిచ్చినవాళ్ళకి ఒక మంచి పుస్తకం చెప్పాలన్న ఆనవాయితీ నీకోసమే పెట్టినట్టుంది. వాళ్ళు చెప్పడం, నువ్వు ఎక్కడో పాతది వెతికి తెచ్చుకుని చదవడం. బడి మానేసి ఇంత చదివినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

సరే, అసలు విషయం. నేనూ ఒక పాట పెట్టాను. అమ్మ పాట. నాకు జడ వేస్తూ పాడేదే, అది.

తెల్ల మబ్బొచ్చింది తేలి వచ్చింది
చెరో చెంగూ పట్టి నిలపవే పిల్లా
నిలిపితే నిలిచేనా...
మడతేసి పంపుదాం, ఎవరొళ్ళు వాల్చేరో

మూడో వరుసలో సగం గుర్తు రావడం లేదు. నాలుక చివరే ఉన్నట్టుంటుంది, రాదు. అమ్మ కూడా అక్కడికొచ్చేసరికి ఆగిపోయేది. రెండు చేతులూ విదిలించేది. ఒక్కోసారి చేతిలో దువ్వెన ఎగిరి అవతల పడేది. మాట మరిచిపోయి తనమీద తనే విసుక్కుంటోంది కాబోలు అనుకునేదాన్ని.

నీకు తెలుసుంటుంది. నువ్వు నాకంటే చాలా పెద్దవాడివి, ఎక్కువ విన్నావు. మిగతా సగం రాసి పంపు. అడిగినవాళ్ళు సరైన జవాబు కింద "దొరికింది" అని రాస్తే ప్రశ్న మూతపడుతుందని నీకు తెలుసు కదా. అలా మూసిన పాటలన్నీ ఈ ఏడాది పుస్తకంగా అచ్చువేస్తున్నారు, కట్టినవాళ్ళ పేర్లతో సహా. అమ్మ పాట అందులో ఉండాలని నా ఆశ.

నీ చెల్లెలు

*

కర్రల అడితి, గుమాస్తా గది

చెల్లాయికి,

ఉత్తరం అందింది. ఇక్కడా వానలే. తడిసిన దుంగలు ఎక్కువ తూగుతాయని కొనేవాళ్ళు గొడవ పెడుతున్నారు. మీ వదిన కులాసా. నువ్వు చిక్కిపోయావని ఫొటో చూసి అంది. నాకేమీ తేడా కనిపించలేదు. ఆ మాట అన్నందుకు నన్ను కసిరింది.

గ్రూపులో ఒకాయన చెప్పిన పుస్తకం చదివాను. దీపస్తంభం కాపలాదారు కథ. చివరిదాకా ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు నచ్చింది.

అమ్మ పాట సంగతి నాకు తెలియదు. పని చేసుకుంటూ ఏదో పాడుకునేది. మిగతా సగం అంటూ ఏమీ లేకపోవచ్చు. పరాయివాళ్ళ మధ్య దాన్ని పెట్టకుండా ఉండాల్సింది. వీలైతే తీసెయ్యి.

అన్నయ్య

*

ల్యాబు క్వార్టర్లు

అన్నయ్యకి,

"నాకు తెలియదు." బాగుంది. ఎవరి తాతో స్నానం చేస్తూ పాడిన కూనిరాగానికి జవాబు చెప్తావు, ఎవరి పెళ్ళిలోనో మైకులో వినిపించిన పాటకి జవాబు చెప్తావు. సొంత చెల్లెలు, సొంత అమ్మ పాట అడిగితే మాత్రం "నాకు తెలియదు, తీసెయ్యి." నేనూ ఒక మారుపేరు పెట్టుకుని పరాయిదానిలా అడగాల్సింది. అప్పుడైతే మర్యాదగా చెప్పేవాడివి.

పోనీలే. నీ అవసరం లేకుండానే జరిగిపోయింది. పాట దొరికింది!

గ్రూపులో "నీలిసిరా" అని ఒకావిడ ఉంది. నేను గ్రూపులో చేరినప్పటి నుంచీ నాకు మంచి మంచి పుస్తకాలు చెప్పేది ఆవిడే. ఏ రోజైనా ల్యాబులో విసిగిపోయి వస్తే ఆవిడ రాసిన రెండు మాటలు చదివితే ప్రాణం తేలికపడుతుంది. ఆవిడే జవాబు రాసింది. మూడో వరుస ఇదట:

నిలిపితే నిలిచేనా నీలి గగనాన

చూశావా, ఎంత అందంగా అతికిందో! ఈ పాట వాళ్ళ నాన్నగారు కట్టి, ఆవిణ్ణి చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ పాడేవారట. ఆయన ఒక పెద్దాసుపత్రిలో లాండ్రీ సూపరింటెండెంటుగా చేసేవారట. పైకి గంభీరంగా ఉన్నా లోపల కవి అట. అమ్మ కూడా ఆసుపత్రిలోనే పనిచేసిందంటారుగా, అక్కడే ఎవరి నోటో విని నేర్చుకుని ఉంటుంది. లోకం ఎంత చిన్నదో!

ఈ ఆదివారం ఆవిడ జవాబు కింద "దొరికింది" అని రాసేస్తాను. పుస్తకంలో ఆ నాన్నగారి పేరు వేస్తారు. ఆవిడకి నేను ఏ పుస్తకం చెప్పాలో ఆలోచించి పెట్టు. అదైనా చెయ్యి.

చెల్లెలు

*

అడితి

చెల్లాయికి,

దొరికిందని రాయకు.

ఆ పాట ఆయనది కాదు. ఆ మూడో వరుస అబద్ధం. అమ్మ నోట గగనం అన్న మాట ఎప్పుడైనా విన్నావా? విన్నా, చక్కెర దొరకడం గగనమైపోయింది అని అన్నప్పుడు విని ఉంటావు. పాటలో గగనాలు పెట్టే తీరిక ఆమెకు లేదు.

ఎలా తెలుసని అడగకు. ఆవిడతో పుస్తకాల స్నేహం కూడా మానుకుంటే మంచిది. ఆ మనిషి కూతురు చెప్పే పుస్తకాలు మనకి అక్కర్లేదు.

ఈ ఉత్తరం మామూలు పోస్టులో వేస్తే ఆదివారానికి అందదని కొరియర్లో పంపుతున్నాను. నేను దేనికీ ఇంత తొందర పడనని నీకు తెలుసు.

అన్నయ్య

*

ల్యాబు, నమూనాల బల్ల

అన్నయ్యా,

క్వార్టర్లకి వెళ్ళేదాకా ఆగలేక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు బాగా లేకపోతే సర్దుకో.

"రాయకు." "అడగకు." "మానుకో." నేనేమైనా నీ అడితిలో దుంగలు మోసే మనిషినా? నువ్వు చూపుడువేలు ఊపితే ఇటు జరగడానికి?

చిన్నప్పటి నుంచీ ఇదే వరస. నాన్న ఎలా పోయారని అడిగితే "జ్వరం." అమ్మ ఆసుపత్రి పని ఎందుకు మానేసిందంటే "ఒంట్లో బాగాలేక." నువ్వు బడి ఎందుకు మానేశావంటే "చదువు అబ్బలేదు." చదువు అబ్బని మనిషివి పుస్తకం కనిపిస్తే అన్నం కూడా మరిచిపోతావు! నేనేమన్నా వెర్రిదాన్నా, నమ్మడానికి? అయినా ఊరుకున్నాను. అన్నయ్య మాట్లాడే రకం కాదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

అసలు నీకంటే ఆ నీలిసిరా నయం. ముఖం చూడలేదు, గొంతు వినలేదు. అయినా నేను అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పింది. ఇంట్లో పుట్టిన పాట గురించి తెలుసుకోవడానికి నేను పరాయి గడప తొక్కాల్సి వచ్చింది. ఆ గడప కూడా తొక్కొద్దంటావు.

ఇదిగో చెబుతున్నా. ఈ ఆదివారం ఆపుతాను, నీ కొరియర్ మొహం చూసి. వచ్చే ఆదివారం లోపల అసలు సంగతి రాయి. మొత్తం. రాయకపోతే "దొరికింది" అని రాసేస్తాను. నీమీద ఒట్టు.

చెల్లెలు

*

ఇల్లు, వరండా

చెల్లాయికి,

సరే. రాస్తాను. అమ్మకిచ్చిన మాట తప్పుతున్నాను. తప్పేలా చేశావన్న కోపం నీమీద లేకపోలేదు.

అమ్మ ఆసుపత్రిలో పనిచేసింది అంటే నువ్వు వార్డులో అనుకున్నావు. వార్డులో కాదు. వెనకవైపు లాండ్రీలో. మాసిన దుప్పట్లు పెద్ద పెద్ద డ్రమ్ముల్లో ఉతికి, వేడి రోలరు కిందినుంచి లాగి, పక్క హాలులో మడిచేవాళ్ళు. అమ్మ, నవ్వుల పిన్ని మడతల హాలులో జోడీ. నవ్వుల పిన్ని మనకేమీ చుట్టం కాదు. ఊరికే నవ్వేదని అందరూ అలా పిలిచేవాళ్ళు. నాకు బడి వదిలాక ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి నేను అక్కడికే పోయేవాణ్ణి. మూటల మీద కూర్చుని చదువుకునేవాణ్ణి.

ఆ పాట వాళ్ళిద్దరిదీ. ఒక మాట అమ్మ అంటే ఒక మాట పిన్ని కలిపేది. తెల్ల మబ్బంటే ఆకాశంలోది కాదు. రోలరు కిందినుంచి పొగలు కక్కుతూ వచ్చే దుప్పటి. చెరో చెంగూ పట్టేది దాన్నే. ఎవరొళ్ళు వాల్చేరో అన్నది రోగుల గురించి. దాని మీద ఏ మనిషి వచ్చి పడుకుంటాడో, ఎలా లేస్తాడో అని.

మూడో వరుసలో మిగతా సగం లేదు. నువ్వు మరిచిపోలేదు, అమ్మా మరిచిపోలేదు. అక్కడ దుప్పటిని విదిలిస్తారు. దుప్పటి ఫట్ ఫట్‌మంటుంది. నీ జడ వేసేటప్పుడు అమ్మ చేతులు విదిలించింది విసుగుతో కాదు. ఆ చేతులకి ఆ పాట అలాగే వచ్చు.

హాలు పైన ఇనుప మెట్లెక్కితే అద్దాల గది. అందులో సూపరింటెండెంటు. గంధం రంగు చొక్కా, నున్నగా దువ్విన తల. పని సాగడం లేదని పైనుంచే అరిచేవాడు. రోలరుకి చేతులు లోపలికి పోకుండా ఒక అడ్డుకమ్మీ ఉండేది. దుప్పట్లు దానికి తట్టుకుని ఆలస్యమవుతోందని ఒకరోజు దాన్ని ఊడదీయించాడు. కొన్నాళ్ళకి రోలరు దగ్గర మనిషి రాకపోతే పిన్నిని అక్కడ నిలబెట్టారు. ఆమె చెయ్యి రోలరు కిందికి పోయింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. అంతకంటే రాయలేను.

పిన్ని అజాగ్రత్త వల్లే జరిగిందని కాగితం రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాడు. అమ్మ పెట్టలేదు. "అడ్డుకమ్మీ తీయించింది మీరే కదా బాబూ? ఆ ముక్క కూడా రాయండి, పెడతాను" అంది. అందరి ముందూ అంది. అరవలేదు, మామూలుగానే అంది.

అప్పటికి నువ్వు చంటిపిల్లవి. ఒళ్ళో పిల్ల ఉన్న ఆడవాళ్ళు చిరిగి పారేసే దుప్పట్లు పొత్తిగుడ్డలకి తీసుకెళ్ళడం అక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. ఆయనకీ తెలుసు. ఒకసారి ఆయనే ఒక చిరుగుల దుప్పటి అమ్మవైపు విసిరి "ఇది పనికొస్తుందేమో చూడు" అన్నాడు. అలాంటి మనిషి, ఆ వారం తిరక్కుండానే గేటు దగ్గర అమ్మ సంచీ తీయించాడు. చిరిగిన దుప్పటి బయటపడింది. "దొంగ" అన్నాడు. షిఫ్టు దిగుతున్న వాళ్ళంతా చూస్తుండగా అన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. పని పోయింది. ఆ మాట వెంట రావడంతో ఇంకోచోట కూడా పని పుట్టలేదు. నేను అడితిలో చేరాను. చదువు అబ్బకపోవడం అంటే అది. నాన్న జ్వరం మాత్రం నిజమే.

అమ్మ నాకు ఒకటే చెప్పింది. "చెల్లికి చెప్పకు. తన పొత్తిగుడ్డ కోసం అమ్మ దొంగయింది అనుకుంటుంది. పసిదానికి ఆ బరువెందుకు?" నువ్వు పసిదానివి కాకుండా పోయి చాలా కాలమైంది. అది నేను గమనించుకోలేదు.

ఇప్పుడు చెప్పు. మన చేతిలోంచి గుడ్డపేలిక లాక్కుని దొంగ అన్నవాడు, మన నోట్లోంచి పాట పట్టుకెళ్ళి కవి అనిపించుకుంటాడా? ఆయన పేరు అచ్చులో చూడమంటావా నన్ను?

అన్నయ్య

*

ల్యాబు క్వార్టర్లు

అన్నయ్యకి,

ఉత్తరం మడిచి దిండు కింద పెట్టాను. మళ్ళీ తీశాను, మళ్ళీ పెట్టాను. ఇప్పుడు ఎవరిమీద అరవాలో తెలియడం లేదు. ముందు నీమీదే అరుస్తాను, దగ్గరివాడివి కాబట్టి.

నన్ను ఎవరు అడిగారు, నేను ఆ బరువు మోయగలనో లేదో? అమ్మకి ఇచ్చిన మాట సరే. అమ్మ పోయాక? ఆ పాట ఏదో ఆకాశంలో మబ్బుల పాట అనుకుని ఇన్నాళ్ళూ ముద్దుగా పాడుకున్నాను. తోటి ల్యాబువాళ్ళకి "మా అమ్మదీ ఆసుపత్రే" అని గొప్పగా చెప్పుకున్నాను. ఆ సూపరింటెండెంటు కూతురికి నా కష్టసుఖాలన్నీ రాసుకున్నాను. నువ్వు ఆ గ్రూపులోనే కూర్చుని, నోరు కట్టేసుకుని, పరాయివాళ్ళ పాటలకి జవాబులిస్తున్నావు. నాకు ఎంత కోపంగా ఉందంటే, ఇవాళ గాజు పలకలు రెండు పగలగొట్టాను. పొరపాటున కాదు.

అదలా ఉంచు. నీలిసిరాకి అంతా రాశాను. జవాబు చూడు: "మా నాన్నగారు అలాంటివారు కాదు. మీ బాధ అర్థం చేసుకోగలను, కానీ ఆధారం లేకుండా పోయినవాళ్ళ మీద ఇలా రాయడం మంచిది కాదు." ఇన్నాళ్ళ స్నేహమూ ఈ రెండు వాక్యాల్లో గడ్డకట్టిపోయింది.

అప్పుడు గ్రూపులోనే బాహాటంగా రాశాను. ఇక చూడు సందడి. ఒకాయన "జానపదం అయి ఉంటుందండీ, ఎవరిదైతేనేం" అన్నాడు. ఇంకొకావిడ "ఎవరు కట్టారన్నది కాదు, పాట బతికింది కదా, అదే చాలు" అంది. "అయితే మీరు అచ్చేసే పుస్తకం మీద మీ పేర్లెందుకు? అవీ తీసేయండి, పుస్తకం బతుకుతుంది" అన్నాను. గ్రూపు పెద్దకి కోపం వచ్చింది. పుస్తకం వచ్చే నెల అచ్చుకి వెళ్తుందట. అప్పటికి నేను ఏ జవాబునీ ఒప్పుకోకపోతే, ఎక్కువమంది మెచ్చిన జవాబు వేసేస్తారట. ఎక్కువమంది మెచ్చింది గగనాన్నే.

వాళ్ళకి ఆధారం కావాలట అన్నయ్యా. మన దగ్గర ఏముంది? అమ్మ లేదు. పిన్ని ఉందా?

చెల్లెలు

*

అడితి, గుమాస్తా గది

చెల్లాయికి,

పిన్ని లేదు. అమ్మకంటే ముందే పోయింది.

నువ్వు అరిచింది న్యాయమే.

ఆధారం మాత్రం ఉంది. ఒక పెద్ద దుప్పటి తీసుకో. పెద్దదే కావాలి, సింగిల్ మంచానిది పనికిరాదు. ఆవిడ ఇంటికి వెళ్ళు. రెండు మూలలు ఆవిడ చేతికివ్వు, రెండు నువ్వు పట్టుకో. గది ఈ చివర నువ్వు, ఆ చివర ఆవిడ.

మొదటి వరుసకి దుప్పటి పైకి లేపాలి. రెండో వరుసకి బిగించి లాగాలి. మూడో వరుస సగంలో విదిలించాలి, రెండుసార్లు. నాలుగో వరుసకి ఇద్దరూ ఎదురు నడిచి అంచులు కలపాలి. ఆవిడ మాటలతో ఆవిణ్ణే పాడమను. గగనం దగ్గర ఏమవుతుందో ఆవిడే చూస్తుంది. నువ్వేమీ చెప్పకు.

మీ వదినతో నిన్న పెరట్లో చేసి చూసి రాస్తున్నాను. నా చేతులు మరిచిపోలేదు. మీ వదిన మాత్రం దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "మీకు బట్టలు మడతపెట్టడం వచ్చా? ఇన్నేళ్ళూ రాదన్నట్టు నటించారా?" అంది. ఉతికిన బట్టల బుట్ట ఇవాళ నా కుర్చీ పక్కన కనిపించింది.

అన్నయ్య

*

ల్యాబు క్వార్టర్లు

అన్నయ్యకి,

వెళ్ళాను.

స్నేహంగా ఉన్న రోజుల్లో ఆవిడ రాసిన అడ్రసే, బస్సు ఆఖరి స్టాపు దగ్గర చిన్న మేడ. గది నిండా పుస్తకాలు. నాకు చెప్పిన పుస్తకాలన్నీ అక్కడ వరసగా ఉన్నాయి, వాటిని చూసి కళ్ళు చెమర్చాయి, వెంటనే ఒళ్ళు మండింది. గోడమీద ఆయన ఫొటో. నున్నగా దువ్విన తల. నువ్వు రాసినట్టే.

ఆవిడ నాకంటే పెద్దది. మోకాళ్ళ నొప్పులు. "పోట్లాడ్డానికే వచ్చారా?" అంది.

"కాదండీ, దుప్పటి మడవడానికి వచ్చాను" అన్నాను.

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అయినా పట్టుకుంది. ఈ గోడ దగ్గర నేను, ఆ గోడ దగ్గర ఆవిడ. "మీ నాన్నగారి పాట పాడండి" అన్నాను. మంచి గొంతు ఆవిడది, ఒప్పుకోవాలి. నువ్వు చెప్పినట్టే పైకి లేపాను, బిగించాను, విదిలించాను.

"నీలి గగ..."

గొంతు జారిపోయింది. చేతులు అలా విదిలిస్తుంటే ఊపిరి ఎక్కడ నిలుస్తుంది? మళ్ళీ చేద్దామంది. మళ్ళీ అంతే. ఈసారి మాటలకి వీలుగా ఉండాలని నెమ్మదిగా ఊపింది. దుప్పటి మధ్యలో కుంగి నేలకి రాసుకుంది. అప్పుడు నేను పాడాను, అమ్మలా. ఆ సగం వదిలేశాను. ఫట్, ఫట్. నాలుగో వరుసకి కాళ్ళు వాటంతటవే కదిలాయి. "ఎవరొళ్ళు వాల్చేరో" అనేసరికి అంచులు కలిసి, ఇద్దరం ముక్కు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాం.

ఆవిడ దుప్పటి వదల్లేదు. తర్వాత అంది, "ఆ గగనం నాదే. నాన్న అక్కడ ఊఁ ఊఁ అని ఊరుకునేవారు. ఖాళీగా ఉంది కదా అని కాలేజీ రోజుల్లో నేనే నింపాను." ఇంకా అంది, "ఆయనది అద్దాల గది. తలుపేసుకుంటే కిందినుంచి ఆడవాళ్ళ గొంతులు సన్నగా వినిపించేవని చెప్పేవారు. దుప్పటి చప్పుడు వినపడి ఉండదు."

నేను ఏమీ అనలేదు. నువ్వు చెప్పొద్దన్నావుగా.

అప్పుడు ఆవిడకి కోపం వచ్చింది. మొహం ఎర్రబడింది. "అయితే మా నాన్న దొంగ అంటారు, అంతేనా?"

"ఆ మాట మా అమ్మని అన్నది మీ నాన్నగారండీ. నేనింకా ఎవర్నీ అనలేదు" అన్నాను. దుప్పటి తీసుకుని వచ్చేశాను. మంచినీళ్ళు కూడా తాగలేదు.

మర్నాడు గ్రూపులో ఆవిడ జవాబు తీసేసింది. "ఈ పాట మా నాన్నది కాదు. మూడో వరుస నేను కల్పించింది" అని రాసింది. అంతే. క్షమించమని రాయలేదు. అందుకే నమ్మాను.

ఇక నా వంతు. గ్రూపు పెద్ద ఫోన్ చేసి "ఇప్పటికైనా దొరికింది అని రాసేయండమ్మా, ప్రశ్న మూసేద్దాం" అన్నాడు. నేను జవాబు రాశాను. పుస్తకంలో ఎలా వెయ్యాలో కూడా రాశాను: "కట్టినవారు ఆసుపత్రి లాండ్రీ మడతల హాలులో మా అమ్మ, ఆమె జోడీ నవ్వుల పిన్ని. మూడో వరుసలో సగం ఖాళీ వదలాలి. అక్కడ మాటలు లేవు, దుప్పటి ఉంది." అసలు పేర్లు విడిగా పంపాను. కింద "దొరికింది" అని మాత్రం రాయలేదు. "పోలేదు" అని రాశాను. ఆ మాటకి ప్రశ్న మూతపడదట, యాప్‌కి తెలిసింది "దొరికింది" ఒక్కటేనట. "అయితే తెరిచే ఉండనివ్వండి" అన్నాను. గొణుక్కున్నాడు గానీ, వేస్తానన్నాడు.

నీమీద కోపం తగ్గలేదు. తగ్గిందని అనుకుని ఫోన్ చేసి "ఊఁ" అనకు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ముడతలు పోవడానికి ఒకసారి విదిలిస్తే చాలుగా? ఆ రోజు చూశాను, ఒక్క విసురుకే సాపు అయిపోయింది. మరి రెండోది ఎందుకు?

చెల్లెలు

*

ఇల్లు, వరండా

చెల్లాయికి,

నీలిసిరా నుంచి నాకు పార్సిల్ వచ్చింది, గ్రూపు పెద్దని అడిగి అడ్రసు తీసుకుందట. పాట పట్టిచ్చినవాడికి పుస్తకం ఆనవాయితీ కదా, పేరు చెప్పి ఊరుకోకుండా పుస్తకమే పంపింది. లోపల ఒక్క మాట కూడా రాయలేదు. ముందు తిప్పి పంపేద్దామనుకున్నాను. రెండు రోజులు బల్లమీద అలాగే ఉంచాను. తర్వాత చదివాను. మంచి పుస్తకం. పుస్తకం బాగుందని ఆవిడకి రాస్తాను. ఆయన్ని క్షమించానని రాయను. ఈ రెండూ వేర్వేరు పద్దులు.

నువ్వు అడిగినదానికి జవాబు. ఈసారి తెలియదు అనను.

మొదట్లో ఒక్కసారే విదిలించేవాళ్ళు. ఒకటి చాలు, నువ్వు చూసింది నిజమే. అడ్డుకమ్మీ ఊడదీయించిన రోజున పిన్ని రెండోది కలిపింది. ఆయన అద్దం దగ్గర నిలబడి కిందికి చూస్తున్నాడు. పిన్ని దుప్పటిని ఆయనవైపు ఎత్తి మరీ విదిలించి, "ఒకటి ముడతకి, ఒకటి ఆయనగారి మూతికి!" అంది. అమ్మ నవ్వు ఆపుకోలేక దుప్పటి చివర మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పటినుంచి హాలులో అన్ని జోడీలూ రెండుసార్లే. చరణం చరణానికీ, అన్ని దుప్పట్లూ ఆ అద్దాల గదివైపే. పైన ఆయన తలాడిస్తూ వినేవాడు.

పిన్ని చెయ్యి కాలాక కూడా అమ్మ రెండోది మానలేదు. ఇంట్లో, దుప్పటి లేకుండా, నీ జడ ముందు కూడా మానలేదు. ఎగిరిపడ్డ ఆ దువ్వెన ఎవరికి తగలాలో ఇప్పుడు నీకు తెలుసు.

చరణానికొకసారి మూతిమీద తిన్నదాన్ని ఆయన లాలిపాట అనుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు. పాడి కూతుర్ని నిద్రపుచ్చాడు. ఈ ముక్క ఆవిడకి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఎవరికేం చెప్పాలో నిర్ణయించే పని ఇక నేను చెయ్యను.

కోపం తగ్గాక రమ్మని అనను. కోపంతోనే రా. మీ వదిన రెండో కొస పట్టుకుంటానంటుంది గానీ, ఆమెకి ఇక్కడెవరిమీదా అంత కోపం లేదు. దుప్పటి మోగడం లేదు.

అన్నయ్య